ఏది తప్పో కాస్త చెప్పండి: వెబ్ ఫారాలు తయారుచేసేవాళ్లకు గుంటూరు నుంచి బహిరంగ లేఖ

వెబ్ అప్లికేషన్లు రాసే ప్రోగ్రామర్లకు, వాటిని టెస్ట్ చేసేవాళ్లకు, చివర్లో సంతకం పెట్టి జనం మీదికి వదిలే ఆఫీసర్లకు,

నమస్కారం. ఒకప్పుడు నాలుగు ఆఫీసుల చుట్టూ వారం రోజులు తిరిగితే అయ్యే పని ఇవాళ ఒక పూటలో అవుతోందంటే అది మీ చలవే, కాదనను. పొగడ్త ఇంతటితో సరి, పనిలోకి వస్తాను.

బ్రాడీపేటలో నాకో చిన్న నెట్ సెంటర్ ఉంది. మూడు సిస్టమ్‌లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మిషన్, బయట వెయిట్ చేసేవాళ్లకి ఒక బల్ల. పన్నెండేళ్లుగా నా బతుకుతెరువు పక్కవాళ్ల ఫారాలు నింపడం. అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పులు, పరీక్ష ఫీజులు, ఉద్యోగాల అప్లికేషన్లు, బ్యాంకు కేవైసీలు, ఏవైనా సరే. అంతకుముందు ఎంసీఏ చదివి హైదరాబాద్‌లో రెండేళ్లు నేనూ కోడ్ రాశాను, కాబట్టి అటువైపు కుర్చీ ఎలా ఉంటుందో కొంచెం తెలుసు. శుక్రవారం సాయంత్రం ‘ఇన్‌వాలిడ్ డేటా’ అని ఒక ముక్క రాసేసి ఇంటికి వెళ్లిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ పాపం ఇప్పుడు రోజూ కడుక్కుంటున్నాను.

ఈ లేఖ ఎందుకంటే, విడిగా చెప్పి చూశాను, పని కాలేదు. ఒక సైటు హెల్ప్‌డెస్క్‌కి స్క్రీన్‌షాట్లు పెట్టి మూడుసార్లు మెయిల్ చేశాను. మొదటిసారి టికెట్ నంబర్ వచ్చింది. రెండోసారి క్యాష్ క్లియర్ చేసి వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించమన్నారు. మూడోసారి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని టికెట్ మూసేశారు, ఆ సాయంత్రమే అదే ఫారంలో అదే ఎర్రర్ వచ్చింది. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా ‘డీటెయిల్స్ కరెక్ట్‌గా ఎంటర్ చేయండి సార్’ అంది. ఏది కరెక్ట్ కాదో తెలియకే కదమ్మా ఫోన్ చేసింది అంటే పాపం ఆ అమ్మాయి దగ్గరా జవాబు లేదు, నా స్క్రీన్ మీద ఉన్న ముక్కే ఆమె స్క్రీన్ మీదా ఉంది. ఆ సైటు పేరు రాయను. అదొక్కటే అయితే ఇంత లేఖ అక్కర్లేదు.

ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా ఊరి అడ్రసుల సంగతి చెప్పాలి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో వీధులకి అంకెలే పేర్లు. లైన్లు ఒక దిక్కు, అడ్డరోడ్లు ఇంకో దిక్కు. 4/14 బ్రాడీపేట అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో ఎక్కి ‘నాలుగు బై పద్నాలుగు’ అంటే చాలు, ఇంకేం అడగరు. మధ్యలో గీత తీసేస్తే 414 అవుతుంది, గుంటూరు మొత్తం వెతికినా ఆ చోటు దొరకదు.

మా వీధిలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు ఇంటర్ పాసై పై చదువు ఫారం నింపడానికి వచ్చింది, వాళ్లమ్మతో. లాస్ట్ డేట్. రాత్రి తొమ్మిదిన్నర. అయిదు పేజీలు, నలభై పైచిలుకు కాలమ్‌లు. అన్నీ నింపి, ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసి, క్యాప్చా కొట్టి సబ్మిట్ నొక్కాం. పేజీ ఒక్కసారి పైకి గెంతి, మీద ఎర్రటి పట్టీ ఒకటి వచ్చింది. ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’. అంతే. ఏ కాలమో లేదు, ఎందుకో లేదు. ఈలోపు ఫోటో పోయింది, సంతకం పోయింది, జిల్లా మళ్లీ ‘సెలెక్ట్’ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

పేరులో ఇనిషియల్ పక్క చుక్క తీసేశాం. ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్. తండ్రి పేరు పెద్దక్షరాల్లోకి మార్చాం. ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్. మార్కుల్లో పాయింటు తర్వాత సున్నాలు తీశాం, ఫోన్ నంబర్ ముందు సున్నా పెట్టాం, తీశాం. ప్రతిసారీ ఫోటో, ప్రతిసారీ సంతకం, ప్రతిసారీ ఆ వంకరటింకర క్యాప్చా. పదకొండు దాటింది. వాళ్లమ్మ మధ్యమధ్యలో ‘ఫీజు కట్టలేదనా బాబూ ఆపుతున్నారు?’ అని అడుగుతోంది. ఆమెకి తెలిసిన కారణం అదొక్కటే. ఆఖరికి ఆ పిల్లే, ‘అంకుల్, అడ్రస్‌లో ఆ గీత తీసేసి చూద్దామా’ అంది. తీసేశాం. తీసుకుంది. 11 గంటల 52 నిమిషాలు. నెల తర్వాత, ఫారంలో అడ్రసు ఆధార్‌లో అడ్రసుతో సరిపోలట్లేదని వెరిఫికేషన్‌లో ఆపారు. వాళ్లమ్మ రెండు రోజులు ఇళ్లల్లో పని మానుకుని తిరిగి, ఆ గీత ఎందుకు లేదో ఆఫీసులో చెప్పుకోవాల్సి వచ్చింది.

నేను అడగదలుచుకున్నది ఒక్కటే. గీత ఉందని ఫారం వెనక్కి కొట్టింది మీ కోడ్. అంటే అడ్రస్ కాలమ్‌లో గీత ఉందని మీ కోడ్‌కి తెలుసు, తెలియకుండా కొట్టలేదు కదా. తెలిసిన సంగతి, అవసరమైన మనిషికి, అవసరమైన నిమిషంలో చెప్పడానికి ఏమిటి బరువు? దాదాపు రెండు గంటలు మేం వెతికిన జవాబు మొదటి సెకన్లోనే మీ దగ్గరుంది. దాన్ని దాచిపెట్టి మమ్మల్ని ఊహించుకోమన్నారు.

దీనివల్ల ఎవరికి ఏమవుతోందో, నా బల్ల దగ్గర చూసినవి వరసగా రాస్తున్నాను.

1. ‘ఇన్‌వాలిడ్’ అనే మాట ఒక్కటే, దాని కింద రోగాలు రకరకాలు.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, యార్డులో మిర్చి దించి, చేతికి ఇంకా ఘాటు అంటుకుని ఉంది, కళ్లు తుడుచుకోకుండా జాగ్రత్తపడుతూ కూర్చున్నాడు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ తీసుకోవట్లేదు. ఆ కోడ్ 11 అక్షరాలు, మొదటి నాలుగూ బ్యాంకు గుర్తు, అయిదోది ఎప్పుడూ సున్నా. పాస్‌బుక్కు మీద చేత్తో రాసింది చూసి కొడితే అక్కడ సున్నా బదులు ‘ఓ’ పడుతుంది, పడి తీరుతుంది, ఆ రెండూ కవల పిల్లలు. అయిదో స్థానంలో సున్నా తప్ప ఇంకోటి రాదని తెలిసినప్పుడు దాన్ని మీరే దిద్దేసుకోవచ్చు, లేదా ‘అయిదోది అంకె సున్నా, మీరు ఓ అక్షరం కొట్టారు’ అనొచ్చు. అది సరిచేశాక కూడా మళ్లీ ‘ఇన్‌వాలిడ్’. ఈసారి కారణం వేరు. ఆయన పాస్‌బుక్కు ఆంధ్రా బ్యాంకుది. 1923లో మచిలీపట్నంలో మొదలైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లవు. కలిసిపోతే కలిసిపోయింది, మా జిల్లాల్లో ఆ పాస్‌బుక్కులు ఇంకా బీరువాల్లో పసుపు బొట్టుతో భద్రంగా ఉన్నాయి. అంటే ఒకటి కొట్టడంలో వచ్చిన తప్పు, రెండోది కొట్టింది కరెక్టే గానీ కోడ్ పాతబడిపోవడం. మొదటిది ఇక్కడే సరిచేసుకోవచ్చు. రెండోదానికి బ్యాంకుకి వెళ్లి కొత్త కోడ్ రాయించుకు రావాలి. రెంటికీ ఒకే మాట చెప్తే ఆ రైతు ఎటు వెళ్లాలి? ఆయన ఆ రోజు ఊరికి వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వచ్చాడు.

ఆధార్ కూడా అంతే. 12 అంకెల్లో చివరిది మిగతా పదకొండింటి లెక్క నుంచి వచ్చేది. వెర్‌హాఫ్ పద్ధతి అంటారు, ఒక్క అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. ఏ సర్వర్‌నీ అడగక్కర్లేదు, ఓటీపీ దాకా ఆగక్కర్లేదు, ఆ కాలమ్ దాటగానే ‘ఏదో అంకె తేడా పడింది, కార్డు పక్కన పెట్టుకుని చూడండి’ అనొచ్చు. ఎంతమంది అంటున్నారు?

2. ఖాళీ జాగాలు. ఆధార్ కార్డు మీద నంబరు నాలుగేసి అంకెల చొప్పున మధ్యలో జాగా వదిలి అచ్చేస్తారు, చదవడానికి వీలుగా. దాన్ని కాపీ చేసి పేస్ట్ చేస్తే జాగాలతో కలిపి 14 అవుతుంది. మీ బాక్స్ 12కే కోసేస్తుంది. చివరి రెండంకెలు చప్పుడు లేకుండా మాయమవుతాయి, పైగా ‘12 అంకెలు ఎంటర్ చేయండి’ అని తిట్టు. మనిషి పన్నెండూ ఇచ్చాడండీ, కోసింది మీరు. జాగాలు తీసేయడం కంప్యూటర్‌కి ఒక్క లైను పని.

3. ఫోటో సైజు. దీని మీద నేను ఒక రాత్రంతా మాట్లాడగలను. పేజీలో ‘50 కేబీ లోపు’ అని ఉంటుంది. ఫోటో పెడితే ‘ఫైల్ సైజ్ ఎర్రర్’ వస్తుంది. ఎక్కువైందేమోనని తగ్గిస్తాం, 18 చేస్తాం, మళ్లీ అదే, 12 చేస్తాం, మళ్లీ అదే, మొహం ముద్దయిపోయి ఎవరిదో గుర్తుపట్టలేని దశకొచ్చాక ఎప్పుడో తెలుస్తుంది, లోపల రూలు 20 నుంచి 50 అని, మేం మొదట్నుంచీ తప్పు దిక్కులో పరిగెత్తామని. ‘మీ ఫోటో 18 కేబీ ఉంది, కనీసం 20 ఉండాలి’. ఈ వాక్యం రాయడానికి కావలసిన అంకెలు రెండూ ఆ క్షణంలో ప్రోగ్రామ్ చేతిలోనే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో జబ్బు కూడా. బ్రౌజర్‌లో ఒక రూలు, సర్వర్‌లో ఇంకో రూలు. ఇద్దరు వేరువేరు మనుషులు, వేరువేరు నెలల్లో రాసినవి. ముందు పచ్చ టిక్కు వస్తుంది, సబ్మిట్ కొట్టాక ఎర్ర పట్టీ వస్తుంది. సర్వర్‌లో చెక్ చేయాల్సిందే, బ్రౌజర్‌లో చేసింది ఎవరైనా దాటేయగలరు. కానీ రెండు చోట్లా రూలు ఒకటే ఉండాలి కదా.

4. జిల్లాలు. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లలోకి పంచుకుపోయింది. నరసరావుపేట పిన్ 522తోనే మొదలవుతుంది, బాపట్లదీ 522, గుంటూరుదీ 522. ఏదో పాత పట్టిక పెట్టుకుని ‘పిన్ కోడ్, జిల్లా సరిపోలట్లేదు’ అని ఆపే ఫారాలు ఇంకా వస్తున్నాయి. ఆధార్‌లో గుంటూరు, సర్టిఫికెట్‌లో పల్నాడు, డ్రాప్‌డౌన్‌లో అసలు పల్నాడే లేదు. నిజం రాస్తే తప్పంటుంది, అబద్ధం రాస్తే తీసుకుంటుంది.

5. పేర్లు. ‘లాస్ట్ నేమ్ తప్పనిసరి’. మనవాళ్లలో సగం మందికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఇనిషియలే, కొందరు పెద్దవాళ్లకి పేరు ఒక్క ముక్కే. ఒక్క ముక్క పేరున్న ముసలమ్మకి లాస్ట్ నేమ్ కాలమ్‌లో చుక్క పెడితే ‘స్పెషల్ క్యారెక్టర్ కూడదు’, ఆమె పేరే మళ్లీ రాస్తే తీసుకుంటుంది. ఇక జీవితాంతం ఆమె పేరు రెండుసార్లు.

తెలుగులో పేరు రాయమని అడిగే ఫారాలది ఇంకో కథ, దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి చెప్తున్నాను. కంప్యూటర్‌లో అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో మన గుణింతాల గుర్తులు ‘అక్షరం’ తరగతిలోకి రావు, ‘మార్క్’ అని వేరే తరగతి. ‘అక్షరాలు మాత్రమే’ అని మీరు రూలు రాస్తే రమ పాసవుతుంది, రాము ఫెయిలవుతాడు. రమణకి అడ్మిషన్ దొరుకుతుంది, రాధకి దొరకదు. పొడవు సంగతీ అంతే. ‘శ్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి శ, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం నాలుగు. 30 అక్షరాల లోపు అంటే ఎవరి లెక్కలో 30? ఇది చెప్పకుండా ‘లిమిట్ దాటింది’ అంటే మేం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాం, లెక్క తేలదు.

6. తుడిచేయడం. అన్నిటికంటే ఎక్కువ ప్రాణం తీసేది ఇదే. ఒక్క కాలమ్‌లో తప్పుంటే నలభై కాలమ్‌లూ ఖాళీ చేసి చేతికిస్తారు. పేజీ మళ్లీ లోడ్ అయినప్పుడు, ముందు ఎంచుకున్న ఫైలుని బ్రౌజర్ దానంతటది తిరిగి పెట్టదు, భద్రత కోసం అలా పెట్టారు, ఆ మాట నిజమే. కానీ ఫోటో ఒకసారి సర్వర్‌కి చేరాక దాన్ని తాత్కాలికంగా అక్కడే ఉంచి ‘ఫోటో అందింది’ అని చూపించొచ్చుగా? పేరు, అడ్రసు, మార్కులైతే తిరిగి చూపించకపోవడానికి సాకే లేదు. చిన్న ఊళ్లలో ఫోన్ మీద, ఒక్క వేలితో, గంట సేపు టైప్ చేసినవి అవి.

7. అందరికీ కనిపించని ఎర్రర్లు. కంటిచూపు లేని డిగ్రీ కుర్రాడొకడు మా సెంటర్‌కి వస్తాడు. నాకంటే వేగంగా టైప్ చేస్తాడు, ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని చెవితో చదువుతాడు. సాయం అడగడు, కావాలా అని మేం అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. ఒకరోజు సబ్మిట్ కొట్టి అలా కూర్చుండిపోయాడు. ఏం వినిపించలేదు. మూడు నిమిషాల తర్వాత, ‘అన్నా, అయిపోయిందా?’ అన్నాడు. వెళ్లి చూస్తే పుట్టినతేదీ బాక్స్ చుట్టూ ఎర్ర గీత. ఎరుపు చెవికి వినపడదు కదా. ఇంకో సైటులో ఎర్రర్ కింద మూలన చిన్న పెట్టెలా లేచి మూడు సెకన్లలో మాయమైపోయింది, దాన్ని కళ్లున్న నేనే పూర్తిగా చదవలేకపోయాను.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కాదు. చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లు కూడా వెబ్ వాడుకోగలిగేలా అందరూ ఒప్పుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 3.3.1 అనే నియమం, తప్పు ఎక్కడుందో గుర్తించి అక్షరాల్లో చెప్పాలంటుంది. అది ఎ స్థాయి, అంటే అన్నిటికన్నా కింది మెట్టు. సరిదిద్దుకునే దారి చూపాలనే 3.3.3 దాని పై మెట్టు. ఈ రెండూ 2008 డిసెంబర్ నుంచి ఉన్నాయి. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, 2023లో వచ్చిన మూడో కూర్పు కూడా డబ్ల్యూసీఏజీనే పట్టుకుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న ఆన్‌లైన్ కేవైసీ కేసులో సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనంది. ఇంకా ఎవరు చెప్పాలి?

8. డబ్బు కట్టాక వచ్చే ఎర్రర్. ఒక్క వాక్యంలో సరిపెడతాను: మీరు తర్వాత తప్పు పట్టబోయే ఏ కాలమైనా, డబ్బు తీసుకోకముందే పట్టండి.

మీవైపు నుంచి వచ్చే జవాబు నాకు తెలుసు. ‘స్పెషల్ క్యారెక్టర్లు ఒప్పుకుంటే హ్యాకింగ్ అవుతుంది’. నేనూ ఈ మాట చెప్పినవాణ్నే. డేటాబేస్‌లోకి పంపే క్వెరీలో వివరాలని విడిగా, పారామీటర్లుగా పంపితే, తెరమీద చూపేటప్పుడు ఎస్కేప్ చేస్తే, అంటే ఆ గుర్తుల్ని కోడ్‌గా కాక వట్టి అక్షరాలుగానే చూపిస్తే, బ్రాడీపేట గీత ఎవరి సర్వర్‌నీ కూల్చదు. గీతకి భయపడి గీతని నిషేధించడం దొంగలున్నారని ఊళ్లో తలుపులన్నీ గోడ కట్టేయడం లాంటిది. అది కూడా మా ఊళ్లోనే కాదు, విజయవాడ సత్యనారాయణపురంలో నా ఫ్రెండ్ సెంటర్‌లోనూ ఇదే గొడవ. అక్కడి డోర్ నంబర్లలో రెండు హైఫన్లు, ఒక గీత లేనిదే ఇల్లే ఉండదు.

ఒక్కచోట మాత్రం మీతో ఏకీభవిస్తాను. లాగిన్ పేజీలో యూజర్ నేమ్ తప్పో, పాస్‌వర్డ్ తప్పో విడదీసి చెప్పకపోవడం సరైనదే, చెప్తే దొంగకి సగం తాళం దొరికినట్టు. ఆ ఒక్క పేజీకి పెట్టిన రహస్యాన్ని అడ్రస్ కాలమ్‌కి, ఫోటో సైజుకి కూడా పట్టించారు.

ఇక డిమాండ్లు. బతిమాలడం హెల్ప్‌డెస్క్ దగ్గర అయిపోయింది.

1. ప్రతి ఎర్రర్ ఆ కాలమ్ పక్కనే, అక్షరాల్లో ఉండాలి. రంగు ఉంటే ఉండనీండి, రంగొక్కటే చాలదు. కాలమ్‌లు ఎక్కువున్న ఫారంలో పైన కూడా ఒక జాబితా పెట్టి, నొక్కితే నేరుగా ఆ కాలమ్ దగ్గరికి తీసుకెళ్లాలి. బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ సిస్టమ్ సరిగ్గా ఇలాగే చేస్తుంది, పైనా కిందా ఒకే మాట వాడమంటుంది, ‘ఇన్‌వాలిడ్’ లాంటి మాటలు వద్దంటుంది. అది అందరికీ తెరిచే ఉంది, చూసి రాసుకోండి, కాపీ కొట్టినా ఎవరూ ఏమీ అనరు.

2. ‘ఇన్‌వాలిడ్’ అనే మాట తీసేయండి. దాని బదులు ఏం వచ్చింది, ఏం రావాలి, ఈ రెండూ రాయండి. రాయడానికి తోచకపోతే రూలే సరిగ్గా లేదేమో చూసుకోండి.

3. నింపినది ఏదీ పోకూడదు. క్యాప్చా మాత్రం మార్చుకోండి, సరే.

4. స్క్రీన్ రీడర్‌కి వినిపించాలి. కోడ్‌లో ఏరియా-ఇన్‌వాలిడ్, ఏరియా-డిస్క్రైబ్డ్‌బై అనే రెండు గుర్తులున్నాయి, మొదటిది ఈ కాలమ్‌లో తప్పుందని చెప్తుంది, రెండోది ఎర్రర్ వాక్యాన్ని ఆ కాలమ్‌కి ముడేస్తుంది. సబ్మిట్ ఫెయిలైతే కర్సర్ ఆ ఎర్రర్ దగ్గరికి వెళ్లాలి. సబ్మిట్ బటన్‌ని బూడిద రంగులో చచ్చినట్టు పడుకోబెట్టి కారణం చెప్పకుండా వదిలేయడం కూడా మానండి.

5. టైప్ చేస్తుండగానే మొదటి అక్షరానికే ‘తప్పు’ అని అరవొద్దు, ఆ కాలమ్ వదిలి వెళ్లేదాకా ఆగండి. ఒకసారి తప్పని చూపించాక మాత్రం, సరిచేసిన వెంటనే ఎర్రర్ తీసేయండి. చిన్న సంగతే, కానీ మొదటిసారి కీబోర్డ్ ముట్టుకున్న పెద్దవాళ్లు ఆ ఎరుపు చూడగానే చెయ్యి వెనక్కి లాగేసుకుంటారు, ఏదో పాడుచేశామని.

6. తెలుగులో చెప్పండి. ‘చెల్లని నివేశం’ లాంటి తెలుగు వద్దు, అది ఇంగ్లిష్ కంటే ఘోరం. ‘పిన్ కోడ్‌లో 6 అంకెలుండాలి, మీరు 5 వేశారు’. ఇలా మా అమ్మకి అర్థమయ్యేలా. రాయడానికి మనుషులు లేకపోతే మా సెంటర్‌కి రండి, టీ ఇప్పించి కూర్చోబెట్టి రాసిస్తాను, డబ్బులక్కర్లేదు.

7. ఆఫీసర్లకి విడిగా ఒక మాట. సైటు ఓకే చేసే ముందు మీటింగ్ హాల్లో ప్రొజెక్టర్ మీద అంతా సరిగ్గా నింపిన ఫారం చూపిస్తారు, అది ఎప్పుడూ పనిచేస్తుంది. మీరు అడగాల్సింది తప్పుగా నింపి చూపించమని. గీత ఉన్న అడ్రసు, పాత పాస్‌బుక్కు, ఒక్క ముక్క పేరు, 18 కేబీ ఫోటో. నాలుగూ పట్టుకెళ్లండి. టెండర్ కాగితంలో డబ్ల్యూసీఏజీ అని రాసి ఉంటే, దాన్ని మౌస్ ముట్టుకోకుండా, స్క్రీన్ రీడర్‌తో, చూపులేని మనిషి చేత మీ ఎదురుగా నింపించండి.

8. లాస్ట్ డేట్ నాడు ఎర్రర్‌తో ఆగిపోయిన ఫారాల లెక్క మీ సర్వర్‌లో ఉంటుంది. ఏ కాలమ్ దగ్గర ఎక్కువమంది ఆగిపోయారో ప్రతి నెలా తీయించి చూడండి. అన్ని వేలమంది ఒకే కాలమ్ దగ్గర తప్పు చేస్తుంటే తప్పు వేలమందిది కాదు.

నెల రోజులు చూస్తాను. ఈలోపు నా దగ్గర ఆగిపోయిన ప్రతి ఫారానికీ స్క్రీన్‌షాట్ తీసి, పేర్లు, నంబర్లు చెరిపేసి, తేదీతో దాచిపెడుతున్నాను. బ్రాడీపేట, కొత్తపేట, అరండల్‌పేటల్లో తోటి సెంటర్లవాళ్లకి కూడా చెప్పాను. జవాబు రాకపోతే ఆ కట్ట అంతా సమాచార హక్కు దరఖాస్తుతో పాటు మీ టేబుల్ మీదికి వస్తుంది. ఆ దరఖాస్తు కాగితం మీదే రాస్తాను లెండి, ఆన్‌లైన్‌లో నా అడ్రసు తీసుకోదు.

ఇది రాస్తుండగా కూడా రెండో సిస్టమ్ మీద ఒక ఫారం సగంలో ఆగి ఉంది. పెద్దాయనది. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం 1956 అని ఉంది, అంతే, తేదీ లేదు, నెల లేదు. ఫారం మాత్రం మూడూ కావాలంటోంది, ‘డేట్ ఈజ్ రిక్వైర్డ్’ అని. జనవరి 1 అని వేస్తే తీసుకుంటుందని నాకు తెలుసు, చాలామందికి అలాగే వేశాను. ఆయన్ని అడిగితే ‘వానల్లో పుట్టానని మా అమ్మ చెప్పేది’ అన్నాడు. బయట బల్ల మీద కూర్చున్నాడు. ‘అయిందా బాబూ’ అని ఇప్పుడే రెండోసారి అడిగాడు.

ఇట్లు,
బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్ నడిపేవాడు,
గుంటూరు